కొలత, క్యాలిబ్రేషన్, డేటా వ్యాలిడేషన్: ఏ ట్రైనింగ్ ఎవరికి?

మెకానికల్, ఈఈఈ, ఈఐఈ చదివి రెండు మూడేళ్ళు క్వాలిటీలోనో మెయింటెనెన్స్‌లోనో పనిచేసినవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది. క్యాలిబ్రేషన్ ల్యాబుల స్టాండర్డ్ అయిన 17025 కోర్సు చేయాలా, కొలిచే పద్ధతి నమ్మదగిందో కాదో పరీక్షించే ఎంఎస్ఏ (మెజర్‌మెంట్ సిస్టమ్ అనాలిసిస్) చేయాలా, అందరూ వెళ్తున్నారు కదా అని ఫార్మా సీఎస్‌వీకి (కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్) పోవాలా, లేకపోతే ల్యాబ్‌వ్యూ, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే మేలా? బ్రోషర్లు చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ప్రతిదాంట్లో మెజర్‌మెంట్ అంటారు, వ్యాలిడేషన్ అంటారు, కింద పెద్దక్షరాలతో ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని రాస్తారు. నిజానికి ఇవి నాలుగు వేర్వేరు ఉద్యోగాలకు వెళ్ళే నాలుగు వేర్వేరు చదువులు. ఒకదాని సర్టిఫికెట్ పట్టుకెళ్ళి ఇంకోదాని ఇంటర్వ్యూలో కూర్చుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఎంచుకోవడానికి నేను చూసేది ఒక్కటే: రేపు మీరు రాసిన రీడింగ్‌ని ఎవరు ప్రశ్నిస్తారు? పరికరాల్ని ప్రామాణికంతో పోల్చి చూసే క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో అయితే, ల్యాబులకి గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ నుంచి అసెసర్ వచ్చి, ఈ అంకె పక్కన వేసిన ప్లస్ ఆర్ మైనస్ ఎక్కడినుంచి వచ్చింది అంటాడు. ఆటో విడిభాగాల కంపెనీలో కస్టమర్ తరఫు క్వాలిటీ ఇంజినీర్ వచ్చి, మీ ముగ్గురు ఆపరేటర్లు ఇదే పార్ట్ కొలిస్తే ఇదే అంకె వస్తుందా అంటాడు. ఫార్మాలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్‌కి కావాల్సింది వేరే, ఈ అంకెని తర్వాత ఎవరైనా మార్చారా, మారిస్తే ఎవరు, ఎప్పుడు, ఎందుకు. టెస్ట్ ల్యాబ్‌లోనో ఆర్ అండ్ డీలోనో ఉంటే డిజైన్ ఇంజినీర్ మీ గ్రాఫ్ మీద వేలు పెట్టి, ఈ పీక్ నిజమేనా లేక నాయిసా అని అడుగుతాడు. ఈ నలుగురిలో మీ ఎదురుగా కూర్చోబోయేది ఎవరో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం, ఆ కోర్సులో మీ చేత కొలిపిస్తారా, లేక స్లైడ్లు తిప్పి పంపిస్తారా అన్నది.

క్యాలిబ్రేషన్ ల్యాబ్ వైపు

ఇక్కడ ఒకే పేరు కింద రెండు వేర్వేరు కోర్సులు అమ్ముతారు, తేడా తెలియక చాలామంది తమకి అక్కర్లేనిదానికి డబ్బు కడతారు. మొదటిది ఐఎస్ఓ/ఐఈసీ 17025:2017 మీద నాలుగైదు రోజుల కోర్సు. క్లాజుల వారీగా స్టాండర్డ్ చదివించి, ఇంటర్నల్ ఆడిట్ ఎలా చేయాలో, నాన్ కన్ఫార్మిటీ (స్టాండర్డ్‌కి సరిపోని లోపం) ఎలా రాయాలో చెప్పి, చివర్లో ఒక పరీక్ష పెడతారు. రెండోది మెజర్‌మెంట్ అన్‌సర్టెన్టీ (కొలత ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే అంకె) కోర్సు, రెండు మూడు రోజులే ఉంటుంది కానీ అంతా లెక్కలే. ఇప్పటికే ల్యాబ్‌లో ఉండి క్వాలిటీ మేనేజర్ కాబోతున్నవాళ్ళకి మొదటిది అవసరం. బెంచ్ దగ్గర కూర్చుని క్యాలిబ్రేట్ చేసేవాళ్ళకి, కొత్తగా చేరేవాళ్ళకి మాత్రం రెండోదే ముందు. క్లాజ్ 7.6లో అన్‌సర్టెన్టీ అంచనా వేయమని ఉంది అని బట్టీపట్టి చెప్పే మనిషితో ల్యాబ్‌కి పెద్ద ఉపయోగం లేదు. ఒక మైక్రోమీటర్‌కి బడ్జెట్ వేసి చూపించే మనిషి చేరిన రోజే పనికొస్తాడు.

ఆ బడ్జెట్‌లో ఏముంటుందంటే, మీరు పోల్చడానికి వాడే మాస్టర్ పరికరానికి దాని సర్టిఫికెట్‌లో ఇచ్చిన అన్‌సర్టెన్టీ, మీ పరికరం లీస్ట్ కౌంట్, ఒకే పాయింట్ పదిసార్లు కొలిస్తే వచ్చే చెదురు, ఆ గది ఉష్ణోగ్రత, ఇంకా ఒకటి రెండు. ఒక్కోదాన్ని స్టాండర్డ్ డీవియేషన్ రూపంలోకి తెచ్చి, వర్గాలు కూడి, వర్గమూలం తీసి, సుమారు 95 శాతం నమ్మకం కోసం రెండుతో గుణిస్తారు. వినడానికి ఇంటర్మీడియట్ లెక్కలా ఉంటుంది, మనుషులు తడబడేది లెక్క దగ్గర కాదు, ఏవేవి లెక్కలోకి తీసుకోవాలి అన్న దగ్గర.

ఉష్ణోగ్రత సంగతే చూడండి. పొడవు కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెప్పాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని షాప్ ఫ్లోర్ 40 డిగ్రీలకి చేరుతుంది. స్టీలు మీటరుకి డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది కాబట్టి 100 మి.మీ. స్టీలు పార్ట్ ఆ 20 డిగ్రీల తేడాకి 23 మైక్రాన్లు పెరుగుతుంది. స్టీలు మైక్రోమీటర్‌తో, రెండూ ఒకే వేడిలో ఉండగా కొలిస్తే, పరికరం కూడా అంతే పెరిగి ఉంటుంది, తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. అదే పార్ట్ అల్యూమినియందయితే అది స్టీలుకి దాదాపు రెట్టింపు పెరుగుతుంది, ఆ 23 మైక్రాన్లు మీ రీడింగ్‌లోకి నేరుగా వచ్చి కూర్చుంటాయి. డ్రాయింగ్‌లో టాలరెన్స్ ప్లస్ ఆర్ మైనస్ 10 మైక్రాన్లు ఉంటే మంచి పార్ట్ స్క్రాప్‌లోకి పోతుంది. ట్రైనర్ ఇలాంటిది బోర్డు మీద వేసి, ఆ తర్వాత మీ చేత నిజంగా కొలిపిస్తే అది కోర్సు. టెంపరేచర్ కాంట్రిబ్యూషన్ నెగ్లిజిబుల్ అని స్లైడ్‌లో ఒక లైను పెట్టి దాటేస్తే, ఆయన ఎవరో ఇచ్చిన ఎక్సెల్ షీట్ చూసి పాఠం చెబుతున్నాడని అర్థం.

దీనికి మంచి చోట్లు ఉన్నాయి, దాదాపు అన్నీ ప్రభుత్వ రంగంలోవే. ఢిల్లీలోని సీఎస్ఐఆర్ ఎన్‌పీఎల్ దేశంలో కొలతలకి మూలస్థానం, మన ల్యాబుల ట్రేసబిలిటీ గొలుసు (ఏ మాస్టర్‌ని దేనితో పోల్చారన్న వరస) చాలావరకు వెళ్ళి కలిసేది అక్కడే, వాళ్ళు శిక్షణ కార్యక్రమాలు కూడా నడుపుతారు. డైమెన్షనల్, అంటే పొడవు, ఆకారం లాంటి కొలతలు అయితే బెంగళూరు సీఎంటీఐ. 1962 నుంచి మెషిన్ టూల్స్, మెట్రాలజీ మీద పనిచేస్తున్న సంస్థ, మన వైపు నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దునకి దిగొచ్చు. ఫ్లో మీటర్ల పని అయితే ఇంకోచోటు వెతకక్కర్లేదు, కేరళ పాలక్కాడ్‌లోని ఎఫ్‌సీఆర్ఐకి వెళ్ళాలి. అంత పెద్ద ఫ్లో లూపులు పెట్టుకుని పాఠం చెప్పేవాళ్ళు దేశంలో అరుదు. హైదరాబాద్‌లోనే కావాలంటే బాలానగర్‌లో టూల్ డిజైన్ శిక్షణ సంస్థ సీఐటీడీ ఉంది, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ క్యాలిబ్రేషన్‌కి ఈసీఐఎల్ వైపు ప్రభుత్వ సంస్థ ఎస్‌టీక్యూసీ వాళ్ళ టెస్టింగ్ కేంద్రం ఈటీడీసీ ఉంది. వీటిలో బ్యాచ్‌లు ఎప్పుడు పడతాయో వెబ్‌సైట్ చూసి కూర్చుంటే తెలీదు, ఫోన్ చేయాలి, ఒక్కోసారి రెండు మూడుసార్లు చేయాలి.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. క్యాలిబ్రేషన్ ల్యాబుల్లో మొదటి జీతాలు తక్కువ. పరికరాల పెట్టె మోసుకుని సైట్ల వెంట తిరగడం ఎక్కువ. కానీ మూడు నాలుగేళ్ళు ప్రెషర్, టెంపరేచర్, ఎలక్ట్రో టెక్నికల్ మూడూ చేసినవాళ్ళు ఏ ప్లాంట్‌కి వెళ్ళినా నిలబడతారు. ఒకే పారామీటర్ దగ్గర ఆగిపోయినవాళ్ళు మాత్రం అక్కడే ఉండిపోతారు.

ఆటో విడిభాగాల వైపు

పెనుకొండ దగ్గర కియా, దాని చుట్టూ వచ్చిన సప్లయర్లు, శ్రీసిటీ, అక్కడినుంచి చెన్నై, హోసూరు దాకా ఉన్న ఫ్యాక్టరీల్లో మీకు ఎదురయ్యేది ఎంఎస్ఏ. ఆటో పరిశ్రమ క్వాలిటీ స్టాండర్డ్ ఐఏటీఎఫ్ 16949 ప్రకారం కంట్రోల్ ప్లాన్‌లో ఉన్న కొలత వ్యవస్థలకి ఇది చేసి తీరాలి కాబట్టి దీనికి గిరాకీ తగ్గదు. కోర్సు రెండు రోజులు ఉంటుంది, అంతకన్నా అక్కర్లేదు కూడా. గేజ్ ఆర్ అండ్ ఆర్ (అదే మనిషి మళ్ళీ కొలిచినా, వేరే మనిషి కొలిచినా అంకె ఎంత మారుతుందో), బయాస్ (అసలు విలువకి తేడా), లీనియారిటీ (ఆ తేడా రేంజ్ అంతటా ఒకేలా ఉందా), స్టెబిలిటీ (రోజులు గడిచినా మారకుండా ఉందా), పాసా ఫెయిలా అని మాత్రమే చెప్పే గో నో గో గేజ్‌లకి అట్రిబ్యూట్ స్టడీ, ఇవే ఐదు.

అసలు చూడాల్సింది ఆ రెండు రోజుల్లో ఒక పూట అయినా మీరు గేజ్ పట్టుకున్నారా లేదా అని. మామూలు స్టడీ పది పార్టులు, ముగ్గురు ఆపరేటర్లు, మూడేసి సార్లు, మొత్తం 90 రీడింగులు. ముగ్గురు మనుషులు ఒకరి రీడింగ్ ఒకరికి కనపడకుండా, పార్టుల వరస మార్చి మార్చి కొలవాలంటే ఎంత సేపు పడుతుందో, మధ్యలో ఎంత విసుగొస్తుందో ఒకసారి చేస్తే గానీ తెలీదు. ఆ విసుగులోనే ఆపరేటర్ రెండోసారి కొలవకుండా మొదటి అంకె గుర్తుపెట్టుకుని రాసేస్తాడు. రిపీటబిలిటీ అద్భుతంగా వస్తుంది. రెడీమేడ్ డేటా ఇచ్చి మినీట్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కించే కోర్సులో ఇది ఎప్పటికీ తెలియదు.

ఇంకో కిటుకు కూడా మంచి ట్రైనర్ చెబుతాడు. గేజ్ ఆర్ అండ్ ఆర్ పది శాతం లోపు వస్తే మంచిది, పది నుంచి ముప్పై మధ్య పరిస్థితిని బట్టి, ముప్పై దాటితే పనికిరాదు అన్న నియమం అందరికీ తెలుసు. ఆ శాతం దేనిలో శాతం అన్నది ఎవరూ అడగరు. మొత్తం వేరియేషన్‌లో శాతం అయితే, పార్టుల్ని ఎంత ఎడంగా ఎంచుకుంటే ఆ శాతం అంత తగ్గుతుంది. స్క్రాప్ డబ్బాలోంచి రెండు పార్టులు తెచ్చి కలిపితే 35 శాతం ఉన్న గేజ్ కూడా 9 శాతానికి దిగొచ్చు. మసిపూసి మారేడుకాయ చేయడం అంటే ఇదే. రిపోర్టుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, చూసే కన్ను ఉన్న కస్టమర్ ఇంజినీర్ టాలరెన్స్‌తో పోల్చిన శాతం కూడా చూపించమంటాడు, అక్కడ దొరికిపోతారు. ఎన్‌డీసీ (గేజ్ విడదీసి చూడగల వర్గాల సంఖ్య) ఐదుకి తగ్గకూడదు అన్నది కూడా దీనికి ముడిపడినదే, అదీ పార్టుల ఎంపికని బట్టే పెరుగుతుంది.

ఎంఎస్ఏతో పాటు జీడీ అండ్ టీ (డ్రాయింగ్‌లో ఆకారం, స్థానం టాలరెన్స్‌లు చెప్పే గుర్తుల భాష) రాకపోతే ఈ దారిలో ఎక్కువ దూరం పోలేరు. పొజిషన్ టాలరెన్స్‌కి డేటమ్ (కొలతకి ఆధారంగా తీసుకునే తలం) ఏది పట్టుకోవాలో తెలియకుండా సీఎంఎం (ప్రోబ్‌తో పార్ట్‌ని తాకి కొలిచే మెషిన్) సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం నేల విడిచి సాము. పీసీ డిమిస్, కాలిప్సో రెండింటిలో ఏది నేర్చుకోవాలి అని అడుగుతుంటారు. మీ చుట్టుపక్కల కంపెనీల్లో ఏ మెషిన్లు ఉన్నాయో అదే, అంతకు మించి దీంట్లో సిద్ధాంతం ఏమీ లేదు. ఒక సీఎంఎం ముందు పదిహేను మందిని నిలబెట్టే చోట మాత్రం చేరకండి, ప్రోబ్ మీ చేతికి రాకుండానే కోర్సు అయిపోతుంది.

ఫార్మా వైపు, అంటే హైదరాబాద్‌లో అందరూ పరిగెడుతున్న వైపు

జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల, అటు పరవాడ, అచ్యుతాపురం. ఇన్ని ప్లాంట్లు ఉన్నాయి కాబట్టి కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్, అంటే సీఎస్‌వీ కోర్సులకి అమీర్‌పేటలో గిరాకీ ఉండటం సహజం. అమెరికాలో 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 వచ్చింది 1997లో. ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాలు ఎప్పుడు నమ్మదగినవో చెప్పే నిబంధన అది. దానికి తోడు యూరప్ వాళ్ళ ఆనెక్స్ 11, ఆచరణకి గ్యాంప్ 5 అనే గైడ్, దాని రెండో ఎడిషన్ 2022లో వచ్చింది. కోర్సు మొత్తం వీటి చుట్టూనే తిరుగుతుంది. యూఆర్ఎస్ (సిస్టమ్ ఏం చేయాలో చెప్పే పత్రం) రాయడం, రిస్క్ అసెస్‌మెంట్, ఐక్యూ, ఓక్యూ, పీక్యూ (సరిగ్గా ఇన్‌స్టాల్ అయిందా, సరిగ్గా నడుస్తోందా, రోజువారీ పనిలో నిలబడుతోందా అన్న మూడు పరీక్షలు), ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్ (ఏ అవసరాన్ని ఏ పరీక్ష చూసిందో చెప్పే పట్టిక), ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న రికార్డు) రివ్యూ. నెలన్నర, రెండు నెలలు చెబుతారు. నా లెక్కలో మొదటి మూడు వారాలు సరుకు, తర్వాతిది టెంప్లేట్లు నింపడం. టెంప్లేట్లు నింపడం కూడా ఈ ఉద్యోగంలో సగం పనే కాబట్టి అదేమీ వృథా అనను.

కాగితం పని అంటే చిరాకు పడే మనిషికి ఈ దారి వద్దు. ఇది మొహమాటపడకుండా మీకు మీరే చెప్పుకోవాల్సిన విషయం. రోజుకి ముప్పై స్క్రీన్‌షాట్లు తీసి, ఒక్కోదానికి నంబరు వేసి, సంతకం, తేదీ పెట్టి, రివ్యూలో ఒక తేదీ ఫార్మాట్ తప్పని వెనక్కి వస్తే మళ్ళీ చేసే ఓపిక ఉండాలి.

ఇప్పుడు ఈ కోర్సుల్లో నాకు నచ్చని సంగతి. అన్ని చోట్లా అల్‌కోవా నేర్పుతారు, అంటే డేటా ఎవరు రాశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, అప్పటికప్పుడు రాసి ఉండాలి, ఒరిజినల్ అయి ఉండాలి, సరైనది అయి ఉండాలి. మొదటి నాలుగింటి మీద రోజులు గడుస్తాయి. చివరిది, సరైనదా కాదా అన్నది, ఒక స్లైడ్‌లో అయిపోతుంది. రికార్డుని ఎవరూ దిద్దలేదు అని నిరూపించడం వేరు, ఆ రికార్డులో ఉన్న అంకె నిజం అని చెప్పడం వేరు. సీఎస్‌వీ మొదటిదానికే.

ఒక ఉదాహరణ చూస్తే ఎంత తేడానో తెలుస్తుంది. స్టెరిలైజేషన్ ఆటోక్లేవ్‌లో పీటీ 100, అంటే వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది, రెండు వైర్లతో కలిపారు. పీటీ 100 సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓమ్‌లు, అంటే డిగ్రీకి సుమారు 0.385. మూడు వైర్లో నాలుగు వైర్లో అయితే కేబుల్ రెసిస్టెన్స్‌ని మీటర్ తీసేస్తుంది, రెండు వైర్లయితే ఆ కేబుల్ కూడా సెన్సరే అనుకుంటుంది. కేబుల్ పోను రాను కలిపి ఒక ఓమ్ ఉందనుకోండి, డిస్‌ప్లే సుమారు 2.6 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. స్క్రీన్ మీద 121.1 ఉన్నప్పుడు లోపల ఉన్నది 118.5. సూక్ష్మజీవులు చచ్చే వేగం ప్రతి పది డిగ్రీలకి పది రెట్లు మారుతుందన్న మామూలు లెక్క ప్రకారం చూస్తే, 15 నిమిషాలు పెట్టామని రికార్డు చెబుతున్నది నిజానికి సుమారు 8 నిమిషాల పనే చేసింది. ఆడిట్ ట్రెయిల్ శుభ్రంగా ఉంది, యూజర్ ఐడీలు శుభ్రంగా ఉన్నాయి, ఎలక్ట్రానిక్ సంతకాలు ఉన్నాయి, డేటా మాత్రం తప్పు.

ఇది క్యాలిబ్రేషన్‌లో దొరకదా అంటే, లూప్ మొత్తాన్ని, సెన్సర్ తెలిసిన ఉష్ణోగ్రత ఉన్న బాత్‌లో ఉండగా స్క్రీన్ మీద అంకె చూసి క్యాలిబ్రేట్ చేస్తే దొరుకుతుంది. సెన్సర్‌ని విప్పి ల్యాబ్‌కి పంపి, ఇటు ట్రాన్స్‌మిటర్‌కి విడిగా సిమ్యులేటర్ పెట్టి చూస్తే రెండింటికీ పాస్ సర్టిఫికెట్లు వస్తాయి, మధ్యలో ఉన్న కేబుల్ ఎవరి లెక్కలోకీ రాదు. ఆటోక్లేవ్ క్వాలిఫికేషన్‌లో విడిగా థర్మోకపుల్స్ పెట్టి మ్యాపింగ్ చేసేది ఇలాంటివి పట్టుకోవడానికే. కాబట్టి ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చేసి వచ్చి సీఎస్‌వీ నేర్చుకున్న మనిషికి, నేరుగా కాలేజీ నుంచి వచ్చి సీఎస్‌వీ నేర్చుకున్న మనిషికి చాలా తేడా ఉంటుంది. మీరు రెండో రకం అయితే సీఎస్‌వీ కోర్సు ఫీజు కట్టే ముందో, కట్టిన తర్వాతో, టెంపరేచర్, ప్రెషర్ క్యాలిబ్రేషన్ మీద ఒక చిన్న కోర్సు చేయండి. బయోటెక్, బీఫార్మసీ వాళ్ళకి ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

డేటా అక్విజిషన్, సెన్సర్ డేటా వైపు

టెస్ట్ రిగ్గులు, రక్షణ రంగ ల్యాబులు, ఏరోస్పేస్ సప్లయర్లు, ఈవీ బ్యాటరీ టెస్టింగ్ ఈ వైపు వస్తాయి. ల్యాబ్‌వ్యూ నేర్చుకోవాలా పైథానా అంటే, ఇప్పటికే ల్యాబ్‌వ్యూ తయారుచేసే ఎన్ఐ కంపెనీ హార్డ్‌వేర్ ఉన్న చోట ఉద్యోగం చూస్తుంటే ల్యాబ్‌వ్యూ, లేకపోతే పైథాన్. ల్యాబ్‌వ్యూ కమ్యూనిటీ ఎడిషన్ సొంత అవసరానికి, అంటే వ్యాపారం కాని పనికి ఉచితం, కాబట్టి నేర్చుకోవడానికి ఎవరికీ వేలకి వేలు ఇవ్వనక్కర్లేదు. ఎన్ఐ వాళ్ళ ల్యాబ్‌వ్యూ సర్టిఫికెట్ సీఎల్ఏడీ పరీక్ష రాస్తే రెజ్యూమేలో ఒక లైను పెరుగుతుంది. దాన్ని మళ్ళీ రెన్యూ చేసుకోవాలని మర్చిపోకండి.

అయితే ఈ కోర్సుల్లో ప్రోగ్రామింగే ఉంటుంది, సిగ్నల్ గురించి ఉండదు. ట్రైనర్‌ని ఒక ప్రశ్న అడగండి. కరెంటు లైన్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ నాయిస్ ఉన్న సిగ్నల్‌ని సెకనుకి 49 శాంపిల్స్ చొప్పున తీస్తే స్క్రీన్ మీద ఏం కనపడుతుంది? సెకనుకి ఒకసారి ఊగే చక్కటి అల కనపడుతుంది, అసలు లేని వైబ్రేషన్. దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ ఫిల్టరూ విడదీయలేదు, శాంపుల్ చేయకముందే అడ్డుకోవాలి. ఈ జవాబు టక్కున చెప్పి, బోర్డు మీద గీసి చూపించే మనిషి దగ్గర చేరండి.

డేటా వ్యాలిడేషన్ అనే మాటకి ఇక్కడ ఇంకో అర్థం ఉంది. సెన్సర్ నుంచి వచ్చే అంకెల ప్రవాహంలో నమ్మదగ్గది ఏది, కానిది ఏది అని ఎప్పటికప్పుడు వేరుచేయడం. సెన్సర్ కొలతని కరెంటు రూపంలో పంపే 4 నుంచి 20 మిల్లీఆంప్ సిగ్నల్ 3.6కి కిందికి పడినా 21 దాటినా అది కొలత కాదు, ఏదో పాడైందని చెప్పే గుర్తు. విలువ హద్దుల్లోనే ఉంది కానీ ఒక్క సెకనులో ట్యాంక్ లెవెల్ సగానికి పడిపోయిందంటే అది కూడా కొలత కాదు. అన్నిటికంటే మోసం చేసేది కదలకుండా ఉండే విలువ. నిజమైన సెన్సర్ చివరి అంకె దగ్గర కొంచెమైనా కదులుతుంది, మూడు గంటలు ఒకే అంకె చూపిస్తుంటే ట్యూబ్ మూసుకుపోయి ఉండాలి లేదా కమ్యూనికేషన్ ఆగి పాత విలువే మళ్ళీ మళ్ళీ వస్తుండాలి. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలకి ఆన్‌లైన్ ఎమిషన్ మానిటరింగ్ తప్పనిసరి చేసింది. సిమెంటు, విద్యుత్తు, ఫార్మా, ఎరువుల ప్లాంట్లన్నీ అందులో ఉన్నాయి. చిమ్నీ మీది ఎనలైజర్ నుంచి మండలి సర్వర్ దాకా ఆ డేటాని చూసుకునే మనిషి ప్రతి ప్లాంట్‌లో కావాలి. ఈ పని తెలిసినవాళ్ళు తక్కువ, దీనికంటూ పెద్ద పేరున్న కోర్సు కూడా లేదు. ఎనలైజర్ సప్లయర్ల ట్రైనింగ్, కొంచెం పైథాన్, కొంచెం స్టాటిస్టిక్స్ కలిపి మీరే తయారు చేసుకోవాలి. ఈఐఈ వాళ్ళకి ఇది మంచి అవకాశం అని నా నమ్మకం, ఎవరూ అటు చూడటం లేదు కాబట్టి ఇంకా ఎక్కువ.

ఎన్‌పీటెల్, అమీర్‌పేట, విదేశీ సర్టిఫికెట్లు

ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్ చదవడానికి ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయల ఫీజు కట్టి పరీక్ష కేంద్రానికి వెళ్ళి రాయాలి. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పే మెజర్‌మెంట్ కోర్సులు థియరీకి నిండుగా సరిపోతాయి. నా సలహా, ఏ దారి ఎంచుకున్నా ముందు ఒకటి ఇక్కడ చేయండి. ఆ తర్వాత డబ్బు పెట్టే కోర్సులో థియరీ చెప్పించుకోవాల్సిన అవసరం ఉండదు, ఆ టైమంతా పరికరాల దగ్గర వాడుకోవచ్చు. అలాగే అన్‌సర్టెన్టీకి మూలమైన గమ్ పత్రం, జేసీజీఎం 100:2008, అంతర్జాతీయ కొలతల సంస్థ బీఐపీఎం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ప్రింట్ తీసి బైండ్ చేసి స్టడీ మెటీరియల్ అని అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లని ఊరికే తీసిపారేయను. సాయంత్రం బ్యాచ్‌లు, వారాంతం బ్యాచ్‌లు, తెలుగులో డౌట్ అడిగే వీలు, ఉద్యోగం చేస్తూ నేర్చుకునేవాళ్ళకి ఇవి చిన్న విషయాలు కావు. కాకపోతే అక్కడ ఇన్‌స్టిట్యూట్ పేరు కంటే ట్రైనర్ ముఖ్యం. ఆయన పగలు ఎక్కడ పనిచేస్తున్నాడు, చివరిసారి ఆడిట్‌లో కూర్చున్నది ఎప్పుడు అని అడగండి. డెమో క్లాస్‌లో ఒకరు, ఫీజు కట్టాక ఇంకొకరు రావడం కూడా మామూలే, అది ముందే తేల్చుకోండి.

కొన్ని మాటలు బ్రోషర్‌లో కనపడితే వెంటనే బయటికి వచ్చేయొచ్చు. ఎన్ఏబీఎల్ సర్టిఫైడ్ క్యాలిబ్రేషన్ ఇంజినీర్ అవుతారు అంటే అబద్ధం, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఇచ్చేది ల్యాబులకి, మీకు కాదు. యూఎస్ఎఫ్‌డీఏ అప్రూవ్డ్ సర్టిఫికెట్ అన్నా అంతే. ఎఫ్‌డీఏ ఏ వ్యక్తినీ సీఎస్‌వీ నిపుణుడని సర్టిఫై చేయదు, ఏ సాఫ్ట్‌వేర్‌నీ పార్ట్ 11కి సరిపోతుందని ముద్ర వేయదు. వంద శాతం ప్లేస్‌మెంట్ గురించి కొత్తగా చెప్పేదేముంది.

విదేశీ సర్టిఫికెట్లలో రెండు పనికొచ్చేవి. అమెరికా సంస్థలైన ఐఎస్ఏ వాళ్ళ సీసీఎస్‌టీ, ఏఎస్‌క్యూ వాళ్ళ సీసీటీ. మొదటిది ప్లాంట్‌లో లూపులు, కంట్రోల్ వాల్వులు చూసే టెక్నీషియన్లకి, రెండోది క్యాలిబ్రేషన్ టెక్నీషియన్లకి. రెండింటికీ ముందు అనుభవం చూపించాలి, సీసీఎస్‌టీ మొదటి లెవెల్‌కే చదువు, అనుభవం కలిపి ఐదేళ్ళు ఉండాలి. కాబట్టి కొత్తవాళ్ళు వీటి కోచింగ్‌కి ఇప్పుడే డబ్బు కట్టడంలో అర్థం లేదు. విశాఖ రిఫైనరీలోనో, గోదావరి జిల్లాల గ్యాస్ ప్లాంట్లలోనో ఏడెనిమిదేళ్ళు చేసి గల్ఫ్ చూస్తున్నవాళ్ళకి సీసీఎస్‌టీ మీద పెట్టే ఖర్చు వృథా కాదు.

మరి మీకేది?

డిప్లొమా చేసి ఇంకా ఉద్యోగం లేనివాళ్ళయితే బాలానగర్ సీఐటీడీలో మెట్రాలజీ, సీఎంఎం ఉన్న కోర్సు కనుక్కోండి, లేదా చిన్న క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో ట్రైనీగా చేరండి. జీతం ఇచ్చి నేర్పేది అదొక్కటే. బీటెక్ మెకానికల్ చేసి ఆటో వైపు ఉంటే జీడీ అండ్ టీ ముందు, ఎంఎస్ఏ తర్వాత, సీఎంఎం చేరిన కంపెనీలోనే నేర్చుకోవచ్చు. కంపెనీ పంపిస్తానంటే ఎంఎస్ఏకి మీ సొంత గేజ్, మీ సొంత పార్టులు పట్టుకెళ్ళండి, ఒప్పుకోని ట్రైనర్ అయితే మేనేజర్‌కి చెప్పి ఇంకొకర్ని చూసుకోవచ్చు. ఫార్మాలో ఇప్పటికే ఇన్‌స్ట్రుమెంటేషన్‌లోనో క్యూసీలోనో ఉన్నవాళ్ళకి సీఎస్‌వీ సూటిగా కలిసొస్తుంది, కళ్ళు మూసుకుని చేయొచ్చు. ఫార్మాతో సంబంధం లేని మెకానికల్ వాళ్ళు స్నేహితుడికి ఉద్యోగం వచ్చిందని అటు దూకడం మాత్రం వద్దంటాను. మొదటి ఇంటర్వ్యూలోనే మందులోని పదార్థాలు విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ అంటే ఏంటి అని అడుగుతారు, అక్కడ ఆగిపోతుంది.

ఈఈఈ, ఈఐఈ వాళ్ళకి టెంపరేచర్, ప్రెషర్ క్యాలిబ్రేషన్ ఒక వారం, సిగ్నల్ ప్రాసెసింగ్ మీద ఎన్‌పీటెల్ ఒకటి, పక్కన పైథాన్. ఈ మూడూ ఉన్నవాళ్ళు పైన చెప్పిన నలుగురిలో కనీసం ఇద్దరికి జవాబు చెప్పగలరు.

ఫీజు కట్టే ముందు ఫోన్‌లో అడగాల్సినవి కూడా చెప్పేస్తాను. బ్యాచ్‌లో ఎంతమంది, పరికరాలు ఎన్ని, అవి ఏ కంపెనీవి, వాటికి ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉందా? ఈ చివరి ప్రశ్నకి అవతలివాళ్ళు కొంచెంసేపు మాట్లాడకపోతే, వేరే నంబరు చూసుకోండి.